ఒకే మార్కు, రెండు కారణాలు: పిల్లల చదివే శక్తిని కొలిచేదెలా?

మూడో తరగతి చదువుతున్న ఇద్దరు పిల్లలకు ఒకే పేరా ఇచ్చి చదవమన్నారనుకుందాం. చదివాక ఐదు ప్రశ్నలు అడిగితే ఇద్దరూ ఒక్కో ప్రశ్నకే సరైన జవాబు చెప్పారు. మార్కుల పుస్తకంలో ఇద్దరి పేర్ల పక్కనా ఐదుకు ఒకటి అనే పడుతుంది. ఇద్దరినీ 'చదువులో వెనుకబడినవారు' అన్న ఒకే జాబితాలో చేరుస్తారు.

కానీ మొదటి పిల్ల పేరా అంతా తడబడకుండా చదివింది. అందులోని మాటలకే ఆమెకు అర్థం తెలియలేదు. రెండో పిల్లవాడు రెండు వాక్యాలు దాటలేకపోయాడు. అదే కథను ఎవరైనా చదివి వినిపిస్తే మాత్రం ఐదు ప్రశ్నలకూ జవాబు చెప్పగలడు. ఒకరికి కావలసింది భాష, మరొకరికి కావలసింది లిపి. ఇద్దరికీ ఒకే మందు ఇస్తే ఒకరికైనా అది వృథా అవుతుంది. అందుకే పిల్లలకు చదవడం నేర్పే శాస్త్రంలో మొదటి ప్రశ్న 'ఎన్ని మార్కులు?' అన్నది కాదు, 'ఎక్కడ ఆగింది?' అన్నది.

ఈ ప్రశ్న ప్రతి బడిలోనూ ముఖ్యమైనదే. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొకటి, తరగతిలో ఇంకొకటి వినిపించే ఊళ్ళలో అది మరింత పదునెక్కుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్ అలాంటి ఊరు.

నాలుగు లిపుల మధ్య పెరిగే పిల్లలు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. హౌరా నుంచి నాగ్‌పూర్ వైపు వెళ్ళే దారి, వాల్తేరు మీదుగా మద్రాసు వైపు వెళ్ళే దారి ఖరగ్‌పూర్ దగ్గర విడిపోతాయి. ఆ కూడలిలో పెద్ద వర్క్‌షాపు, యార్డు, రైల్వే కాలనీలు వెలిశాయి. అదే రైలు దారి వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువాళ్ళు పనికోసం వచ్చి స్థిరపడ్డారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన కుటుంబాలు ఉండటంతో ఈ పట్టణాన్ని 'మినీ ఇండియా' అని పిలుస్తారు. తెలుగువాళ్ళ పేరుతో ఆంధ్రా హైస్కూల్ ఇక్కడ ఉంది. పశ్చిమ బెంగాల్ మాధ్యమిక పరీక్షలో ప్రథమ భాషగా ఎంచుకోదగిన భాషల్లో తెలుగు కూడా ఒకటి. 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది.

ఇలాంటి ఊళ్ళో పెరిగే తెలుగు పిల్ల చుట్టూ ఉన్న అక్షరాలను గమనిస్తే ఆమె పని ఎంత క్లిష్టమైనదో తెలుస్తుంది. దుకాణాల బోర్డుల మీద బెంగాలీ, స్టేషన్ పేరు పలక మీద బెంగాలీతో పాటు హిందీ, ఇంగ్లీషు కనిపిస్తాయి. బడి ఏ మాధ్యమంలోదైతే ఆ లిపి పాఠ్యపుస్తకంలో ఉంటుంది. తెలుగు మాత్రం ఎక్కువగా ఇంట్లో, చెవికి వినిపించే భాష. ఈ పిల్ల హిందీ పేరా చదివి అర్థం చెప్పలేకపోతే అది చదవడం రాకపోవడమా, హిందీ రాకపోవడమా? తెలుగు పేరా చదవలేకపోతే అది తెలుగు రాకపోవడమా, తెలుగు లిపిని ఎవరూ నేర్పకపోవడమా? ఒక్క పరీక్షతో ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు.

చదవడం అంటే రెండు శక్తుల లబ్ధం

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు చదవడాన్ని ఒక చిన్న సూత్రంగా చెప్పారు. రాతను చదివి అర్థం చేసుకునే శక్తి రెండు వేరువేరు శక్తుల లబ్ధం అన్నది దాని సారాంశం. మొదటిది, అచ్చులో ఉన్న గుర్తులను మాటలుగా మార్చుకోవడం. దీన్నే డీకోడింగ్ అంటారు. రెండోది, ఆ మాటలను ఎవరైనా చెబితే విని అర్థం చేసుకోవడం. దీనికి 'సరళ దృక్పథం' అన్న పేరు స్థిరపడింది.

ఇక్కడ కూడిక కాదు, గుణకారం అన్నది గమనించాలి. రెంటినీ సున్నా నుంచి ఒకటి వరకు ఉండే కొలతలనుకుందాం. డీకోడింగ్ 0.9, విని అర్థం చేసుకోవడం 0.3 అయితే లబ్ధం 0.27. డీకోడింగ్ 0.3, విని అర్థం చేసుకోవడం 0.9 అయినా అదే 0.27. మొదట చెప్పిన ఇద్దరు పిల్లలకు ఒకే మార్కు రావడంలోని లెక్క ఇదే. రెంటిలో ఏది సున్నా అయినా లబ్ధం సున్నాయే. ఒక్క ముక్క అర్థం కాకుండా సంస్కృత శ్లోకాన్ని పుస్తకంలో చూసి గడగడా చదివే మనిషి, చక్కగా కథలు చెప్పే నిరక్షరాస్యురాలైన నాయనమ్మ ఈ సూత్రానికి రెండు చివర్లు.

ఈ సూత్రం నుంచి ఒక ఆచరణాత్మకమైన మాట వస్తుంది. చదివించి ప్రశ్నలు అడగడం ఒక్కటే చాలదు. వినిపించి కూడా ప్రశ్నలు అడగాలి. ఈ రెండు ఫలితాల మధ్య ఉన్న తేడాయే ఉపాధ్యాయురాలికి దారి చూపుతుంది.

తెలుగు లిపి పిల్లలను ఏమడుగుతుంది?

ఇంగ్లీషులో గుర్తుపట్టాల్సిన అక్షరాలు 26. తెలుగు వర్ణమాలలో 56 అని సంప్రదాయంగా చెబుతారు. అసలు పని అక్కడితో అయిపోదు. హల్లుల మీద గుణింతపు గుర్తులు చేరితే రూపాలు నాలుగు వందలు దాటుతాయి. ఆ పైన ఒత్తులున్నాయి. త, న, మ, య, ర, ల వంటి హల్లుల ఒత్తులకు మూలాక్షరంతో పోలికే ఉండదు. మ, య రెండింటిలోనూ 'వ' ఆకారం దాగి ఉంటుంది. ప, ష, స అక్షరాల మధ్య తేడా ఒక చిన్న గీత.

మరోవైపు తెలుగు లిపిలో ఒక సౌలభ్యం ఉంది. రాసినట్టే చదువుతారు. చాలావరకు ఒక గుర్తుకు ఒకే ధ్వని. ఇంగ్లీషులో ఒకే అక్షరం పదానికో రకంగా పలికే బెడద ఇక్కడ లేదు. అందుకే తెలుగు పిల్లలకు నియమం పట్టుకోవడం తేలిక, గుర్తులన్నీ వశం కావడమే ఆలస్యం. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. అక్షరాలన్నిటి మీద పట్టు రావడం ఒకటి, రెండు తరగతులతో ముగియదని, నాలుగో తరగతిలోనూ అది కొనసాగుతుందని ఆ అధ్యయనం చూపింది. విడివిడి ధ్వనుల స్పృహ కూడా కన్నడ పిల్లల్లో నిదానంగానే వస్తుందని తేలింది. తెలుగు పిల్లలు మాటలను ధ్వనులుగా ఎలా విడదీస్తారన్నది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత పరిశీలించారు.

'ధ్వని స్పృహ' అంటే మాటను ముక్కలుగా వినగలగడం. 'పలక'లో ప, ల, క అనే మూడు ముక్కలున్నాయని చప్పట్లు కొట్టి చెప్పడం ఐదేళ్ళ పిల్లలకు తేలిక. ఎందుకంటే లిపి కూడా అలాగే ముక్కలు చేస్తుంది. 'కి'లో క్, ఇ అనే రెండు ధ్వనులున్నాయని పట్టుకోవడం అంతకంటే కష్టం. గుణింతం నిజంగా అర్థమయ్యేది ఆ రెండో మెట్టు ఎక్కినప్పుడే. అంతవరకు క, కా, కి, కీ అని పాటలా చెప్పే పిల్లలు 'గి' ఎదురైతే మళ్ళీ మొదటి నుంచి గ, గా అని లెక్కపెట్టుకుంటూ వస్తారు.

పది నిమిషాల పరీక్ష

చిన్నపిల్లల చదివే శక్తిని రాత పరీక్షతో కొలవలేం. పక్కన కూర్చుని, ఒక్కొక్కరితో విడిగా చదివించాల్సిందే. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే మన దేశంలో ఈ పద్ధతిని ఇంటింటికీ తీసుకెళ్ళింది. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అని దాని మెట్లు నాలుగు. పిల్లలు హాయిగా చదవగలిగే అత్యున్నత మెట్టు ఏదో అదే వారి స్థాయి. ఆర్‌టీఐ ఇంటర్నేషనల్ సంస్థ 2006లో రూపొందించడం మొదలుపెట్టిన ఈజీఆర్‌ఏ అనే మరో పద్ధతి అనేక దేశాల్లో వాడుకలో ఉంది. అందులో సమయాన్ని కూడా కొలుస్తారు, అర్థం లేని కల్పిత పదాలను చదివిస్తారు, కథ వినిపించి ప్రశ్నలు అడుగుతారు.

ఈ రెండిటి సారం తీసుకుని ఏ ఉపాధ్యాయురాలైనా తరగతి గదిలో చేసుకోగల పరీక్ష ఇలా ఉంటుంది.

మొదట పది అక్షరాలు. వాటిని వర్ణమాల వరుసలో ఇవ్వకూడదు. వరుసగా ఇస్తే పిల్లలు చూడకుండానే అప్పజెప్పేస్తారు. గుణింతాలు, ఒత్తులు కూడా కలిపి చెదురుమదురుగా ఇవ్వాలి.

రెండోది, తెలిసిన పదాలు పది: తల, పాట, మేడ, గిన్నె, అక్క వంటివి. వాటి పక్కనే అర్థం లేని పదాలు ఐదు: మిపోడ, గులాతె వంటివి. తెలిసిన పదాన్ని మొత్తంగా బొమ్మలా గుర్తుపెట్టుకుని చెప్పవచ్చు. 'మిపోడ'ను మాత్రం అక్షరం అక్షరం కలిపి చదివితేనే పలకగలరు. మొదటి పట్టీ బాగా చదివి, రెండో పట్టీ దగ్గర ఆగిపోతే ఆ పిల్లలు చదవడం లేదు, గుర్తుపడుతున్నారు అని అర్థం.

మూడోది, ఒక చిన్న పేరా. ఉదాహరణకు: "లత నాన్న రైలు వర్క్‌షాపులో పని చేస్తాడు. రోజూ పొద్దున్నే సైకిల్ మీద వెళ్తాడు. నిన్న పెద్ద వాన కురిసింది. నాన్న సైకిల్ ఇంట్లోనే ఉంది. సాయంత్రం నాన్న తడిసి ఇంటికి వచ్చాడు." తర్వాత రెండు రకాల ప్రశ్నలు. 'లత నాన్న ఎక్కడ పని చేస్తాడు?' అన్నదానికి జవాబు పేరాలోనే ఉంది. 'నిన్న నాన్న సైకిల్ మీద వెళ్ళాడా?' అన్నదానికి రెండు వాక్యాలను కలిపి ఆలోచించాలి.

నాలుగోది, ఇంచుమించు అంతే కష్టమైన మరో పేరాను ఉపాధ్యాయురాలే చదివి వినిపించి అలాంటి ప్రశ్నలే అడగడం. సరళ దృక్పథం ప్రకారం ఇదే కీలకమైన భాగం. బడుల్లో ఎక్కువగా వదిలేసేది కూడా ఇదే.

ఇక కొన్ని జాగ్రత్తలు. మొదటి వరుసలో ఒక్క అక్షరమూ రాకపోతే ఆ భాగాన్ని అక్కడే ఆపాలి. పిల్లలను కష్టపెట్టి లాభం లేదు. మధ్యలో తప్పులు సరిదిద్దకూడదు, రాసుకోవాలి. జవాబును పిల్లలు ఏ భాషలో చెప్పినా ఒప్పుకోవాలి. తెలుగు పేరా చదివి బెంగాలీలో సరైన జవాబు చెప్పిన పిల్లకు ఆ పేరా అర్థమైనట్టే. ఉత్తరాంధ్ర యాసను తప్పుగా లెక్కపెట్టకూడదు. శ్రీకాకుళం మూలాలున్న ఇంట్లో 'గుంటడు' అంటే పిల్లవాడు, 'గుంట' అంటే ఆడపిల్ల. పాఠంలో 'గుంటలో నీళ్ళు' అని వస్తే పిల్ల తికమక పడటం ఆమె చదువు లోపం కాదు. పాఠం భాషకూ ఇంటి భాషకూ ఉన్న దూరం.

తప్పులు చెప్పే సంగతులు

ఎన్ని తప్పులన్న లెక్క కంటే ఏ తప్పులన్న పట్టిక ఎక్కువ సమాచారం ఇస్తుంది. బహుభాషా పట్టణంలో ఇది మరీ నిజం.

'రామ' అన్న మాటను 'రామ్' అని, 'కమల'ను 'కమల్' అని చదివే పిల్లకు అక్షరాలు రావని అనుకోవడం పొరపాటు. హిందీ, బెంగాలీ లిపుల్లో మాట చివరి హల్లులోని 'అ' చాలాసార్లు పలకదు. తెలుగులో తప్పక పలుకుతుంది. ఆ పిల్ల ఒక లిపి నియమాన్ని మరో లిపిలోకి తెచ్చుకుంది. అంటే ఆమెకు నియమం పట్టుకునే తెలివి ఉంది. సరిదిద్దాల్సింది ఒక్క నియమమే.

'మెడ'ను 'మేడ'గా, 'కొన'ను 'కోన'గా చదివితే కారణం మరోటి. హిందీ, బెంగాలీ రాతలో ఎ–ఏ, ఒ–ఓ అన్న హ్రస్వ దీర్ఘ భేదం లేదు. ఆ లిపులు ముందు నేర్చుకున్న కన్ను ఈ తేడాను వెతకదు. పిల్ల నోట మాత్రం మెడ, మేడ రెండూ సరిగ్గానే పలుకుతాయి. 'మెడలో దండ, మేడ మీద గది' అని నోటితో చెప్పించి, అప్పుడు రెండు గుర్తులను పక్కపక్కనే చూపిస్తే ఆమెకు తెలిసిన తేడాకే గుర్తు దొరుకుతుంది.

బెంగాలీలోనూ హిందీలోనూ 'కి' రాసేటప్పుడు హ్రస్వ ఇకారపు గుర్తు హల్లుకు ముందు వస్తుంది, పలికేటప్పుడు తర్వాత వస్తుంది. తెలుగులో అది హల్లు నెత్తి మీద కూర్చుంటుంది. రెండు లిపులు ఒకేసారి నేర్చుకుంటున్న పిల్లలు గుర్తు కోసం తప్పు చోట వెతకడం సహజమే.

'అక్క'ను 'అక' అని, 'బల్ల'ను 'బల' అని చదివితే అది పొరుగు భాష ప్రభావం కానక్కర లేదు. తెలుగు రాష్ట్రాల బడుల్లోనూ ఇది మామూలే. ఒత్తులు ఇంకా వశం కాలేదని దాని అర్థం. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించే పిల్లలు 'పలక'ను 'పలుపు' అనో 'పండు' అనో అంటారు. వారికి కల్పిత పదాలు చదివించే ఆటలు పనికొస్తాయి.

'గొడుగు' అన్న మాటను సరిగ్గా చదివి కూడా దాని బొమ్మను చూపలేకపోతే ఆ పిల్లను 'ఛాతా' అని అడిగి చూడాలి. వెంటనే బొమ్మ మీద వేలు పెడితే భావం ఆమెకు తెలుసు, బెంగాలీ మాటగా తెలుసు. రెండు, మూడు భాషల మధ్య పెరిగే పిల్లల పదసంపద ఆ భాషలన్నిటిలో చెదిరి ఉంటుంది. ఒక్క భాషలో లెక్కపెడితే తక్కువగా కనిపిస్తుంది, అన్నీ కలిపి లెక్కపెడితే తక్కువ కాదు. ఒక భాషలో గట్టిపడిన చదివే శక్తి మరో భాషలోకి సాయంగా వస్తుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించారు. గుర్తులు మారినా 'గుర్తుకు ధ్వని, ధ్వనుల కలయికకు మాట' అన్న ఎరుక మారదు కదా.

నిమిషానికి ఎన్ని మాటలు?

అర్థం చేసుకోవడానికి వేగం కూడా అవసరమే. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోయే పిల్ల వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతుంది. తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర ఉంటుంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవన్నీ మనసులో మోసుకుంటూ వచ్చి చివరి మాటకు కలపాలి. అందుకే ధారాళంగా చదవడం అలంకారం కాదు, అర్థానికి ఆధారం.

వేగం లెక్క సులువు. 42 మాటల పేరాను 90 సెకన్లలో 6 తప్పులతో చదివితే, సరిగ్గా చదివిన 36 మాటలను 60తో గుణించి 90తో భాగించాలి. నిమిషానికి 24 మాటలు. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతి ముగిసేసరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టుకుంది.

అయితే 'మాట' అన్న కొలబద్ద అన్ని భాషల్లో ఒకే పొడవు ఉండదు. 'ఇంటికి వెళ్తున్నాను' అని తెలుగులో రెండు మాటల్లో చెప్పేదాన్ని బెంగాలీలో 'ఆమి బాడి జాచ్ఛి' అని మూడు మాటల్లో, హిందీలో 'మై ఘర్ జా రహా హూఁ' అని ఐదు మాటల్లో చెబుతారు. తెలుగు మాటలో విభక్తి, కాలం, కర్త అన్నీ అతుక్కుని ఉంటాయి. కాబట్టి తెలుగులో 30 మాటలు చదివిన పిల్ల, హిందీలో 45 మాటలు చదివిన పిల్ల కంటే వెనుకబడిందని చెప్పడానికి లేదు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ సుమారు 86 వేల మంది మూడో తరగతి పిల్లలను 20 భాషల్లో విడివిడిగా పరీక్షించి, భాషకొక ప్రమాణాన్ని నిర్ణయించడానికి కారణం ఇదే. ఒకే పిల్లను రెండు భాషల్లో పరీక్షించే ఖరగ్‌పూర్ వంటి చోట ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం.

దేశం మొత్తం మీద పరిస్థితి ఆందోళన కలిగించేదే. అసర్ నివేదికల ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం. కోవిడ్ కాలంలో బడులు మూతపడ్డాక 2022లో అది 20.5 శాతానికి పడిపోయి, 2024లో 27.1 శాతానికి తేరుకుంది. అసర్ ప్రధానంగా గ్రామీణ సర్వే. రైల్వే పట్టణాల పిల్లలు అందులో కనిపించరు. వారి లెక్క వారి ఉపాధ్యాయులే తీసుకోవాలి.

స్థాయిని బట్టి బోధన

కొలత ఉద్దేశం జాబితా తయారు చేయడం కాదు, మర్నాటి పాఠాన్ని మార్చడం. ప్రథమ్ అనుసరించే 'స్థాయికి తగిన బోధన' పద్ధతిలో పిల్లలను రోజుకు గంటో రెండు గంటలో తరగతిని బట్టి కాక, చదివే మెట్టును బట్టి గుంపులు చేస్తారు. అక్షరాల దగ్గర ఉన్న నాలుగో తరగతి పిల్ల, అక్కడే ఉన్న మూడో తరగతి పిల్ల ఒకచోట కూర్చుంటారు. కొన్ని వారాలకోసారి మళ్ళీ పరీక్షించి గుంపులు మారుస్తారు. వడోదర, ముంబయి బడుల్లో వెనుకబడిన పిల్లలకు స్థానిక యువతులతో రోజూ విడిగా నేర్పించిన ప్రయోగంలో పిల్లల ఫలితాలు మెరుగుపడ్డాయని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు 2007లో ప్రచురించారు. బెనర్జీ, డఫ్లోలకు మైఖేల్ క్రెమర్‌తో కలిపి 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రారంభించిన తొలిమెట్టు కార్యక్రమం కూడా ప్రాథమిక తరగతుల్లో చదవడం, లెక్కలు అన్న పునాదుల మీదే దృష్టి పెట్టింది.

అక్షరాల మెట్టు దగ్గర ఉన్నవారికి 56 అక్షరాలూ పూర్తయ్యేదాకా పదాలు చూపకపోవడం మంచి పద్ధతి కాదు. త, ల, ప, క అన్న నాలుగు అక్షరాలు వస్తే చాలు. తల, కల, పలక, కలప చదివేయవచ్చు. దీర్ఘం ఒక్కటి చేరిస్తే తాత, పాప వైపు దారి తెరుచుకుంటుంది. మొదటి వారంలోనే 'నేను చదివాను' అన్న అనుభవం దొరుకుతుంది. గుణింతాన్ని అడ్డంగానే కాక నిలువుగా కూడా చదివించాలి. కి, గి, తి, పి అని ఒకే గుర్తును వేర్వేరు హల్లుల మీద చూస్తే గుర్తుకూ ధ్వనికీ ఉన్న బంధం పట్టుబడుతుంది. ఒత్తులను జంటలుగా నేర్పాలి: బల–బల్ల, గది–గద్ది, అక–అక్క.

పదాలు వచ్చినా ధార రానివారికి ఒకే చిన్న పేరాను మూడు నాలుగుసార్లు చదివించడం, ఇద్దరేసి పిల్లలు ఒకరికొకరు చదివి వినిపించుకోవడం పనిచేస్తాయి.

చక్కగా చదివినా అర్థం కానివారికి ఇంకా అక్షరాలు దిద్దించడం వృథా. వారికి కావలసింది మాటలు, కథలు, సంభాషణ. పాఠం చదివే ముందు అందులోని ఐదారు కొత్త మాటలను పిల్లకు వచ్చిన భాషలో చెప్పి, బొమ్మ చూపి, వాడించాలి. ఇంట్లో పెద్దలకు చదవడం రాకపోయినా ఇక్కడ వారి పాత్ర పెద్దది. నాయనమ్మ చెప్పే కథ, అమ్మ పొడిచే పొడుపుకథ, నాన్న వర్క్‌షాపు కబుర్లు అన్నీ లబ్ధంలోని రెండో అంకెను పెంచేవే. బడి భాష గట్టిపడాలని ఇంట్లో తెలుగు మానేసి, పెద్దలకు సరిగ్గా రాని భాషలో మాట్లాడటం మేలు చేయదు. పిల్లకు అందే మాటల సంపదే దానివల్ల తగ్గిపోతుంది.

పిల్లల భాష నుంచే చదువు మొదలవ్వాలన్న ఆలోచన ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ మూలాలున్న నేలకు కొత్త కాదు. శ్రీకాకుళం ప్రాంతానికి చెందిన గిడుగు వెంకట రామమూర్తి సవర పిల్లలకు తెలుగులో బోధిస్తే అందడం లేదని గ్రహించి, తానే సవర నేర్చుకుని ఆ భాషలో వాచకాలు తయారు చేశారు.

తొందరపడి పేరు పెట్టకూడదు

కొందరు పిల్లలకు తగినంత బోధన అందినా, చూపు, వినికిడి బాగున్నా, తెలివితేటలకు లోటు లేకున్నా అక్షరాలు ధ్వనులుగా మారడం చాలా కష్టమవుతుంది. దాన్ని డిస్లెక్సియా అంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను గుర్తించింది. ఇంగ్లీషులో తయారైన పరీక్షలు మన పిల్లలకు సరిపోవన్న గ్రహింపుతో మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో నందినీ ఛటర్జీ సింగ్ బృందం 'డాలీ' అనే పరీక్షా సామగ్రిని రూపొందించింది. అది తొలుత హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో వచ్చింది.

బహుభాషా పిల్లల విషయంలో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. బడి భాష రానందువల్ల వెనుకబడిన పిల్లకు లోపం ఉందని ముద్ర వేయడం ఒకటి. నిజంగా డిస్లెక్సియా ఉన్న పిల్లను 'ఇంట్లో వేరే భాష కదా, అదే వస్తుందిలే' అని ఏళ్ళ తరబడి వదిలేయడం మరొకటి. డిస్లెక్సియా ఒక్క భాషకే పరిమితమై ఉండటం అరుదు. పిల్ల నేర్చుకున్న ప్రతి లిపిలోనూ దాని జాడ ఏదో రూపంలో కనిపిస్తుంది. హిందీ హాయిగా చదివే పిల్ల తెలుగు చదవలేకపోతే ముందు అడగాల్సింది తెలుగు ఎవరైనా నేర్పారా అని. నేర్చుకున్న రెండు లిపుల్లోనూ, మంచి బోధన తర్వాత కూడా, అక్షరం దగ్గరే ఆగిపోతే అప్పుడు నిపుణుల దగ్గరికి తీసుకెళ్ళాలి.

మూడో తరగతి వరకు పిల్లలు చదవడం నేర్చుకుంటారు, ఆ తర్వాత చదివి నేర్చుకుంటారు అని విద్యావేత్తలు తరచూ అంటారు. ఆ మలుపు దగ్గర ఆగిపోయిన పిల్లకు సైన్సు పాఠం, లెక్కల ప్రశ్న, చరిత్ర పుస్తకం అన్నీ ఒకేసారి మూసుకుపోతాయి. ఆమె ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అవసరం లేదు. ఒక కాగితం, పది అక్షరాలు, పదిహేను పదాలు, రెండు పేరాలు, పది నిమిషాల సమయం, ఆమె చెప్పే జవాబును ఆమె భాషలోనే వినగల ఒక మనిషి ఉంటే చాలు.